తడారని బొమ్మ

ఆ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివే పిల్లలు మోచేతులు కడుక్కోవడంతో రోజు మొదలుపెడతారు, మోచేతులు కడుక్కోవడంతోనే ముగిస్తారు. వాళ్ళ భవనంలో ఆయిల్ రంగులతో వేసిన బొమ్మ పూర్తయితే గానీ ఆరదు. ఎండలో పెట్టినా, ఫ్యాను కింద పెట్టినా అంతే. పూర్తయిందా, ఉన్నపళాన ఆరిపోతుంది. ఎప్పుడో సగంలో వదిలేసి వెళ్ళి, ఇప్పుడు పిల్లాపాపలతో కాపురాలు చేసుకుంటున్నవాళ్ళ బొమ్మలు కూడా వరండా పొడుగునా గోడకి ఆనించి ఉన్నాయి, ఇంకా తడితడిగానే. అటు నడిచేవాళ్ళంతా ఒళ్ళు దగ్గర పెట్టుకునే నడుస్తారు. అయినా మోచేతికి రంగంటని మాస్టారు అక్కడ ఒక్కరూ లేరు.

తడిగా ఉన్న బొమ్మని ఎగ్జామినర్లు ముట్టరు, మార్కులూ వెయ్యరు. ఆ రూల్ పాతదే. ఎవరూ దానితో పేచీ పెట్టుకోలేదు.

ఈ కథలో అమ్మాయి చివరి సంవత్సరం రెండోసారి చదువుతోంది. మొదటిసారి బొమ్మ ఆరక తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి తన టైల్స్ షాపులో కౌంటర్ దగ్గర కూర్చోబెడతానని బాబాయి తేల్చి చెప్పేశాడు. అమ్మానాన్నా పోయాక పిల్లని పెంచింది అక్కే అయినా, ఇంటికి పెద్దదిక్కు బాబాయి. "ఈ ఒక్కసారికి చూద్దాం బాబాయ్," అని బతిమాలుకుని అక్క ఆ మాత్రం గడువు తెచ్చుకుంది. రంగులు కలుపుతుంటే తప్ప ఆ పిల్ల ముఖంలో వెలుగుండదని అక్కకి తెలుసు.

అమ్మాయి వేస్తున్నది ఆ అక్క బొమ్మే. అక్క ఇంట్లో బట్టలు కుడుతుంది. సెలవు రోజుల్లో స్టూడియోకి పిలిచి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి వేసింది. ముఖం అచ్చు గుద్దినట్టు వచ్చింది. మెడలో కొలతల టేపు వచ్చింది. చిక్కంతా చేతుల దగ్గరే. ఊరికే కూర్చోమన్నా అక్క చేతులు కూర్చోవు. కుర్చీకి అంటిన దారప్పోగు పీకుతాయి, అందుబాటులో ఉన్న బ్రష్షులన్నీ పొట్టీ పొడుగూ చూసి సర్దేస్తాయి.

"చేతులు కదపకక్కా!"

"నేనెక్కడ కదుపుతున్నానే, అవే కదులుతున్నాయి. చేతులు ముడుచుక్కూర్చోవడం నాకు చేతనవుతుందా?"

ఇక లాభం లేదని అమ్మాయి సొంత తెలివి ఉపయోగించింది. చేతుల్ని ఒళ్ళో పెట్టి వేసింది, ఆరలేదు. చేతికి పుస్తకం ఇచ్చింది, ఆరలేదు. పక్క ఈజిల్ దగ్గరి పొడుగమ్మాయిని కూర్చోబెట్టి, ఆమె చేతులు తెచ్చి అక్కకి అతికించింది. వేళ్ళు మాత్రం చక్కగా కుదిరాయి గానీ రంగు జిడ్డోడుతూనే ఉంది. "ఎక్కడో వెలితి ఉందమ్మా," అన్నారు మాస్టారు, తన భుజానికంటిన నీలం రంగు తుడుచుకుంటూ. సరే, వెలితి పూడుద్దామని కిటికీకి కర్టెన్ వేసింది, కుర్చీ కింద పిల్లిని వేసింది. ఇప్పుడు పిల్లి కూడా తడే.

పరీక్ష రోజు పొద్దున్నే అక్క ఖాళీ సంచులు పట్టుకుని దిగింది. అవసరం పడితే సామానంతా అటునుంచటే షాపుకి తెచ్చెయ్యమని బాబాయి ఇచ్చి పంపిన సంచులవి. అక్క బొమ్మ మీద మెరుస్తున్న తడి ఒకసారి చూసి, తల తిప్పుకుని, బల్ల మీద పడి ఉన్న, చెల్లెలు బొమ్మలేసేటప్పుడు తొడుక్కునే బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

అమ్మాయి చూపు ఎటు తిప్పాలో తెలీక అక్క చేతులకేసి చూసింది. బట్టలు మడతలు పడుతున్నాయి, చిరుగు కనబడితే అక్కడికక్కడే కుట్టు పడుతోంది, చేతులు మాత్రం ఎంత చూసినా కంటికి ఆనడం లేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క చేతులు ఆగి ఉండగా తను చూసిందే లేదు. చూడనివాటిని పట్టుకుని ఇన్నాళ్ళూ కుస్తీ పట్టింది.

అమ్మాయి రంగులు గీకే కత్తి తీసుకుంది. పుస్తకాన్నీ, పొడుగమ్మాయి వేళ్ళనీ కాన్వాసు తేలేదాకా గీకేసింది. కర్టెన్ గీకేసింది. పిల్లినీ వదల్లేదు.

"అయ్యో, అయ్యో! పరీక్ష పెట్టుకుని ఏం చేస్తున్నావే?"

"ఉండక్కా. నీ చేతులు అక్కడ లేవు."

ముఖం, టేపు, చొక్కా చేతుల అంచులు రెండూ. అంచుల కింద ఒట్టి తెల్లటి కాన్వాసు. కత్తి పక్కన పెట్టిందో లేదో బొమ్మ మీది మెరుపు ఆ మూల నుంచి ఈ మూలదాకా మాయమైంది. అమ్మాయి భయపడుతూనే వేలు ఆనించింది. వేలు శుభ్రంగా వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

పెద్ద ఎగ్జామినరమ్మ ముందు బొటనవేలితో బొమ్మని నొక్కి చూసి, తర్వాత కళ్ళజోడు పెట్టుకుంది.

"చేతులేవమ్మా?"

వెనకనుంచి అక్కే జవాబు చెప్పింది. "ఉన్నాయండీ. పనిలో ఉన్నాయి." అంటూనే ఎగ్జామినరమ్మ కోటుకి వేలాడుతున్న గుండీ రెండు పోట్లలో బిగించి, దారం పంటితో కొరికేసింది.

ఎగ్జామినరమ్మ గుండీ కేసి, బొమ్మ కేసి చూసి గట్టిగా నవ్వింది. పాస్ అని అక్కడికక్కడే రాసింది.

అక్క వరండాలోకి వచ్చి కూలబడింది. "అమ్మయ్య," అంది, మళ్ళీ "అమ్మయ్య," అంది. కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది.

"బాబాయ్, కౌంటర్ దగ్గరికి ఇంకెవర్నైనా చూసుకో. మా చిన్నది రాదు."