వేడి పోయే చోటు

"ఈ పెట్టె ఎక్కడ పెట్టమంటారు సార్?" అని ఏసీ మెకానిక్ హాల్లోంచి అడిగినప్పుడు నాన్‌హీ వెనక బాల్కనీలో తన పీట మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. అడిగింది ఆమెను కాదు. ఆ ఇంట్లో ఏది ఎక్కడ ఉండాలో తేల్చేది భర్త డోసిక్. అది ఎక్కడుందో వెతికిపెట్టేది నాన్‌హీ. ఈ పని విభజన పెళ్ళైన మొదటి వారంలోనే జరిగిపోయింది. విభజన ఆయన చేశాడు, పని ఆమె చేస్తోంది.

ఏసీ కొన్న డబ్బు మాత్రం ఆమెదే. కిందటి వేసవిలో అత్తగారు వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, కొరియాలోని ఈ జింజు ఊళ్ళో ఇంకో వేసవి ఇలా గడపకూడదనుకుంది నాన్‌హీ. బజారు మలుపులోని కర్రీ పాయింటులో తెల్లారకముందే ముల్లంగి తరిగి, సోయా మొలకలు ఉడకబెట్టి దాచుకున్న జీతం అంతా తీసింది. హాల్లోకి నిలువెత్తు ఏసీ ఒకటి, అత్తగారి గదిలోకి గోడ ఏసీ ఒకటి, రెంటికీ కలిపి వేడిని బయటికి ఊదే పెద్ద ఫ్యాను పెట్టె ఒకటి. మెకానిక్ అడిగింది ఆ పెట్టె గురించే.

"ముందు బాల్కనీలో అయితే అదనం ఏమీ లేదండీ, హాలు పక్కనే గదా, పైపు సరిపోతుంది. బయట గోడకి యాంగిల్ కొట్టి వేలాడదీయాలంటే మాత్రం మూడు లక్షల వోన్లు అవుద్ది. తొమ్మిదో అంతస్తు, మనిషి తాడు కట్టుకుని దిగాలి. వెనక బాల్కనీకి అంటారా, రాగి పైపు వంటిల్లంతా దాటి రావాలి, రెండు లక్షలు."

"ముందు బాల్కనీ మాట ఎత్తకు," అన్నాడు డోసిక్. "నా ఆర్కిడ్లున్నాయక్కడ. ఆ వేడిగాలికి ఒక్క పూటలో మాడి చస్తాయి."

ఆర్కిడ్లంటే డోసిక్‌కి సొంత కిడ్లకన్నా ఎక్కువ. కూతురు సేబోం పుట్టిన తారీకు ఆయన ఏటా తడుముకుంటాడు గానీ, ఏ మొక్క ఏనాడు మొగ్గ తొడిగిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. రోజూ వాటికి నీళ్ళు పోసేది, ఆకులు తుడిచేది, పురుగు పడితే మాట పడేది నాన్‌హీ. పూచే మొక్కలు ఆయనవి, పూచీ ఆమెది.

"మరి గోడకి కొట్టేద్దామా సార్?"

"మూడు లక్షలా! గాల్లో వేలాడేదానికి అంత పోస్తానా? వెనకే ఎక్కడో ఒక పక్కన పెట్టేయ్. పైపు డబ్బు నేనిస్తాలే," అన్నాడు డోసిక్, దానం చేస్తున్న గొంతుతో.

మెకానిక్ వెనక్కి తొంగి చూశాడు. వాషింగ్ మెషీను, కిమ్చీ పచ్చడి దాచే ఫ్రిజ్, చేపలు వేయించినా పులుసులు మరిగించినా హాల్లోకి వాసన రాకుండా పెట్టిన గ్యాస్ పొయ్యి, ఇన్నిటి మధ్య పీట మీద ఓ మనిషి. "అమ్మగారు ఇక్కడ పని చేసుకుంటారేమో సార్," అన్నాడు.

"ఎంతసేపుంటుందయ్యా అక్కడ? వస్తుంది, పోతుంది."

వెల్లుల్లి రెబ్బ నాన్‌హీ వేళ్ళ మధ్య ఆగిపోయింది. ఆ ఇంట్లో పీఠాలన్నీ వేరేవాళ్ళవి. హాల్లో సోఫా డోసిక్‌ది, మెత్తటి మంచం అత్తగారిది. ఆమెకు ఉన్నది ఈ పీటే. వంటయ్యాక, ఉతుకుడయ్యాక, రేడియో చిన్నగా పెట్టుకుని ఆమె కూర్చునేదిక్కడ. తల్లి పోయిన కబురు వచ్చినప్పుడు ఏడ్చిందిక్కడే, ఎవరికీ వినపడకుండా వాషింగ్ మెషీను తిప్పి మరీ. లెక్క తేలికే. ముందు బాల్కనీలో ఊరికే పెట్టగలిగిన పెట్టెను మొక్కల కోసం రెండు లక్షలు పోసి తన మీదికి తోలుతున్నారు. తన మీద పడకుండా ఉండాలంటే ఇంకొక్క లక్ష. లక్షకు ఆయన కొనే మొక్క కూడా రాదు, మొక్కకు కుండీ వస్తుంది.

"నేను..." అంది నాన్‌హీ.

"అమ్మాయ్, ఆ అబ్బాయికి చల్లగా బార్లీ టీ ఇవ్వు, చెమటలు కక్కుతున్నాడు పాపం," అంది అత్తగారు గదిలోంచి.

ఆమె లేచి వెళ్ళి టీ ఇచ్చింది. 'నేను' అన్న మాట అక్కడే, పొట్టుతో పాటు ఉండిపోయింది.

అవుట్‌డోర్ యూనిట్ అని దాని పేరు. పేరుకే అవుట్‌డోర్. డోరు దాటి అది వెళ్ళింది లేదు, ఆమె లాగే. కిటికీ తెరిచి దాని మొహం బయటికి తిప్పారు గానీ, ఎదురుగాలి కొట్టిన రోజున ఊదిన వేడిలో సగం వెనక్కే వచ్చేది. హాల్లో డోసిక్ మీట నొక్కగానే వెనక ఆ పెట్టె గుర్రుమనేది. అత్తగారికి చలేసి దుప్పటి అడిగితే, చెమటతో వీపుకు అంటుకున్న చొక్కాతోనే నాన్‌హీ వెళ్ళి కప్పి వచ్చేది. రేడియో ఆ హోరులో వినపడటం మానేసింది. కొన్నాళ్ళకు ఆమె దాన్ని పెట్టడం మానేసింది.

ఇంట్లో అందరూ బయటికి వెళ్ళినప్పుడైనా హాల్లో కూర్చోవచ్చు. అత్తగారు వృద్ధుల క్లబ్బుకి, డోసిక్ ఆర్కిడ్ల సంఘానికి వెళ్ళగానే నాన్‌హీ చేసే మొదటి పని ఏసీ ఆపడం. వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే కరెంటు అది, ఒక్కదానికోసం ఎందుకు? ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసేంత బాగా పెంచారు. ఏసీ ఉన్నప్పుడు ఆమె ఉండదు, ఆమె ఉన్నప్పుడు ఏసీ ఉండదు. చల్లగా ఉండమ్మా అని దీవించిన పెద్దలు ఎక్కడ అన్నది చెప్పడం మరిచిపోయారు.

మల్‌బొక్ వచ్చింది. వేసవిలో ఆఖరి మండే రోజు. ఇంటింటా కోడి కడుపులో జిగురు బియ్యం, జిన్‌సెంగ్ వేరు కూరి, పులుసు మరిగించి తాగే రోజు. ఆడపడుచు పిల్లాజెల్లాతో దిగింది. హాల్లో వేడుక, వెనక వేడి. నాన్‌హీ పెద్ద కుండలో కోళ్ళు మరిగిస్తుంటే ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క పెట్టె.

"వదినా, ఆ అద్దం తలుపు వేసుకో. వేడంతా లోపలికి కొడుతోంది," అని ఆడపడుచు కేకేసింది. నాన్‌హీ వేసుకుంది. అద్దంలోంచి హాలు చేపల తొట్టెలా కనిపించింది, నోళ్ళు కదులుతున్నాయి, మాటలు లేవు.

ఇంతలో తలుపు తెరుచుకుంది. డోసిక్ ఒక కుండీని పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. "సేబోం వాళ్ళమ్మా, పిల్లలు ముందు బాల్కనీలో గెంతుతున్నారు. దీన్ని గనక పడేశారో, నేను బతకను. ఎక్కడైనా ఒక పక్కన పెట్టు, జాగ్రత్త," అని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

తెల్లటి పువ్వు. 'నాన్' అంటే ఆర్కిడ్ అని ఆమె పేరులోనే ఉంది. ఆ పేరుతో ఆయన ఆమెను ఆఖరుసారి పిలిచింది సేబోం పుట్టకముందు. ఒక పక్కన పెట్టమన్నాడు. ఈ ఇంట్లో ఆమెకు తెలిసిన పక్క ఒకటే. పీట పక్కన, తను ఉండేచోటే, చేతికి అందేలా పెట్టుకుంది. గిన్నెలు మోసింది, వడ్డించింది, ఎంగిళ్ళు తీసింది, రెండో కుండ పొయ్యి మీదికెక్కించింది.

పుచ్చకాయ ముక్కలు తింటుండగా డోసిక్‌కి మొక్క గుర్తొచ్చింది. వెనక్కి వచ్చినవాడు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. పువ్వు ఉడికిన ఆకుకూరలా వేలాడుతోంది. ఆకులు కమిలి మెత్తబడ్డాయి.

"ఇక్కడెలా పెట్టావే దీన్ని?" ఆయన గొంతు నిజంగానే పగిలింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బుద్ధుందా? ఈ సెగేంటి, ఈ గాలేంటి! ప్రాణమున్నదేదైనా ఇక్కడ బతుకుతుందా?"

నాన్‌హీ గరిట పట్టుకుని ఆయన్నే చూసింది. చెమట కనురెప్పల మీంచి జారి కళ్ళలో మండుతోంది. ఈ మాట వేసవి అంతా ఎవరో ఒకరు అంటారని ఆమె ఎదురుచూసింది. ఇవాళ అన్నారు. అన్నవాడు చుట్టూ చూశాడు కూడా. పెట్టెను చూశాడు, పొయ్యిని చూశాడు, పీటను చూశాడు. పీట మీద కూర్చునే మనిషి ఆయనకు కనపడలేదు.

మొక్కను గుండెకు హత్తుకుని డోసిక్ హాల్లోకి పరుగెత్తాడు. ఏసీ ఎదురుగా పెట్టి ఆకుల మీద నీళ్ళు చల్లాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆమె హాలు వైపు అడుగు వేయబోయింది. వేడిగాలి మొక్కకు తగలకుండా ఆయన అద్దం తలుపు జాగ్రత్తగా మూసి వెళ్ళాడు.

కాసేపు ఆమె అద్దానికి ఇవతలే నిలబడింది. తర్వాత పొయ్యి కట్టేసింది. పీట తీసుకుంది, వెల్లుల్లి బుట్ట చంకన పెట్టుకుంది. తలుపు తెరిచి, హాల్లో అందరి ముందునుంచీ నడిచి, ముందు బాల్కనీలోకి వెళ్ళింది. వరసగా ఉన్న కుండీల మధ్య ఒక ఖాళీ, నేల మీద గుండ్రటి తడి మచ్చ. అక్కడ నీడ ఉంది, నది మీంచి గాలి వస్తోంది. ఆ మచ్చ మీద పీట వేసుకుని కూర్చుంది.

"అమ్మాయ్, ఇంకో గిన్నె పులుసు కావాలంటున్నారు పిల్లలు," అంది అత్తగారు.

"పొయ్యి కట్టేశానత్తమ్మా."

"అదేంటి! అక్కడేం చేస్తున్నావు, మొక్కల మధ్య?" అన్నాడు డోసిక్.

"ఇక్కడ ఒక చోటు ఖాళీ అయింది కదండీ," అంది నాన్‌హీ.

ఆడపడుచు ఫక్కున నవ్వింది. పిల్లలు నవ్వారు. అందరి నవ్వులూ అయిపోయేదాకా, అయిపోయాక కూడా, ఆమె లేవలేదు.