కొసరు కరివేపాకు

జోగారావు కిరాణాకొట్లో కవరుకి రూపాయి పెట్టించింది పెర్సిసే. ఆ సంగతి ఏలూరు పవర్‌పేటలో ఆ వీధి వీధంతటికీ తెలుసు. తెలియకుండా దాచడానికి జోగారావు నోరు కట్టుకునే మనిషి కాదు. "నాదేం లేదండీ, మా పొట్లాలు కట్టే అమ్మాయి పట్టుబట్టింది" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు.

పెర్సిస్ పట్టుబట్టడానికి కారణం కొట్టు వెనక సందులోనే ఉంది. మురుక్కాలవ పక్కన రెండు గదుల రేకులిల్లు వాళ్ళది. కిందటేడు ఒక్క పెద్దవానకి తూము మూసుకుపోయి, నీళ్ళు గుమ్మం దాటి, ఏడాది పిల్ల షారోన్‌ని పడుకోబెట్టిన చాప కిందికి వచ్చేశాయి. తెల్లారి మునిసిపాలిటీవాళ్ళు తూములోంచి లాగి గట్టున పోసిన చెత్తలో ముప్పాతిక వంతు కవర్లే. నీలి చారల తెల్ల కవర్లు. పెర్సిస్ తన చేత్తో ఇచ్చినవే.

అప్పట్నుంచి ఆకాశంలో మబ్బు ముక్క కనిపిస్తే చాలు, ఆమె చూపు తూము వైపు పోయేది. పిల్ల తుమ్మితే భయం, దగ్గితే భయం. "నువ్వు భయపడ్డానికే పుట్టావే తల్లీ" అనేది అత్తగారు పుష్పమ్మ. కానీ భయస్తురాలికి తెగింపు వచ్చిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. మే నెలాఖరులో, వానలింకా పడకముందే, పెర్సిస్ షావుకారు ఎదట నిలబడింది.

"కవరుకి రూపాయి పెట్టండి షావుకారుగారూ. ఊరికే వస్తోంది గనకే పారేస్తున్నారండీ. రూపాయంటే ఇంట్లోంచి సంచి తెచ్చుకుంటారు."

జోగారావు కళ్ళజోడు పైకి తోసుకుని ఆలోచించాడు. కవర్ల ఖర్చు ఆయనకీ చేదుగానే ఉంది.

"పది రోజులు చూద్దాం. బేరాలు పడిపోయాయో, కవర్లు మళ్ళీ ఊరికే ఇస్తాను. నిన్ను చూసి జనం మొహం తిప్పుకుంటారు గనక నిన్నూ ఉంచుకోలేను. ఇష్టమేనా?"

తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మనిషికి ఇంకో కొట్టు అంత తేలిగ్గా దొరకదు. భర్త శామ్యూల్ కైకలూరులో చేపల లోడ్లకి ఐసు కొట్టే పనికి పోతే చీకటి పడ్డాకే రావడం. ఈ కొట్టయితే ఇంటికి నాలుగంగల దూరం, పిల్ల ఏడిస్తే వినిపిస్తుంది. అయినా "ఇష్టమేనండీ" అంది.

మొదటి రోజే నాగరత్నం వచ్చింది. ఆ చివర డాబా ఇంటావిడ. ఆవిడ ఏ కొట్టుకెళితే ఆ వరసలో ఆడవాళ్ళంతా ఆ కొట్టుకే.

"రూపాయా! కవరుకా! ఏమ్మాయ్, రేపు మీ కొట్లో నిలబడి గాలి పీల్చినందుక్కూడా పావలా అడుగుతారేవిటి?"

"తూము మూసుకుపోతోంది పిన్నిగారండీ. ఆవులు తింటున్నాయండీ. భూమిలో వందేళ్ళయినా కుళ్ళదంటండీ..."

"వందేళ్ళ సంగతి నాకెందుకే! ఇప్పుడీ కందిపప్పు నెత్తిన పెట్టుకు పొమ్మంటావా?"

రూపాయి మాత్రం తియ్యలేదావిడ. పొట్లాలన్నీ కొంగులో పోసుకుని, కొబ్బరికాయ చంకన పెట్టుకుని మెట్లు దిగింది. నాలుగడుగులు వేసిందో లేదో మినప్పప్పు పొట్లం జారి రోడ్డుమీద చిట్లింది. పప్పు ఎత్తుకుంటూ, వీధి చివరిదాకా వినిపించేలా అంది: "నలభై ఏళ్ళ నుంచి సరుకులు కొంటున్నాను. కొసరెయ్యని కొట్టు ఇదొక్కటే చూశాను!"

నాలుగో రోజుకి బేరాలు సగమయ్యాయి. "ఇంకా ఆరు రోజులమ్మాయ్" అన్నాడు జోగారావు, బెల్లం మీద ఈగలు తోలుకుంటూ.

ఆ సాయంత్రం పెర్సిస్ ఇంటికొచ్చేసరికి పుష్పమ్మ కూరల బండివాడితో యుద్ధం చేస్తోంది. అరకిలో వంకాయలకి గంట బేరమాడి, చివరికి వాడు చెప్పిన ధరే ఇచ్చి, "కొసరేదయ్యా?" అంది. వాడొక కరివేపాకు రెమ్మ పడేశాడు. పుష్పమ్మ కోట గెలిచినట్టు లోపలికొచ్చింది.

"పెరట్లో అంత చెట్టుండగా ఆకెందుకత్తయ్యా?"

"ఆకు కోసం కాదే పిచ్చిదానా. డబ్బులిచ్చింది కడుపుకి, కొసరు మనసుకి."

పెర్సిస్ పిల్లని చంకనేసుకుని అక్కడే నిలబడిపోయింది. నాగరత్నంగారి కోపం రూపాయి మీద కాదు. ఇన్నేళ్ళూ ఆవిడకి కవరే కొసరు. దాన్ని తను లాగేసుకుంది, బదులుగా ఏమీ పెట్టలేదు. ఆవులూ వందేళ్ళూ అంటూ పాఠం మాత్రం చెప్పింది.

మర్నాడు చేటడు కరివేపాకు కోసుకెళ్ళింది. కవరు రూపాయి అన్న బోర్డు కింద సుద్దతో రాసింది: "సంచి తెస్తే కొసరు."

"కిరాణాకొట్లో కరివేపాకేవిటమ్మాయ్? నవ్వుతారు!"

"నవ్వడానికైనా వస్తారు కదండీ."

మొదట వచ్చినవాడు దర్జీ బాలస్వామి. పాత ప్యాంటు కాలుతో కుట్టిన సంచి పట్టుకొచ్చి, రెమ్మ అందుకుని, "ఇంకోటెయ్యమ్మా, కుట్టుకూలి!" అన్నాడు. ఆ తర్వాత అటకల మీంచి సంచులు దిగాయి. పెళ్ళిళ్ళలో తాంబూలంతో ఇచ్చినవి, ఎప్పుడో విడిపోయిన జంటల పేర్లతో సహా. ఎవరి సంచి మీద ఎవరి పెళ్ళో చదువుకుని ఆడవాళ్ళు పకపకా నవ్వుకునేవారు. బేరాలు తేరుకున్నాయి. నాగరత్నం మాత్రం రాలేదు, ఆవిడ వరసా రాలేదు.

పదో రోజు పొద్దున పెర్సిస్ పెరట్లోకి వెళితే చెట్టుకి ఈనెలే మిగిలాయి. వెతికి వెతికి నాలుగు రెమ్మలు తెంపింది. పది గంటలకల్లా చేట ఖాళీ.

"ఆ డాబాల వరస రాకపోతే లాభం లేదమ్మాయ్" అంటున్నాడు జోగారావు. ఆ మాట పూర్తికాకముందే మెట్ల దగ్గర నాగరత్నం కనిపించింది. ఒక చేతిలో ఖాళీ సంచి, రెండో చంకలో పచ్చటి కరివేపాకు మోపు. వెనక ఎదురింటావిడ, పక్కింటావిడ.

"పొద్దున దర్జీ బాలస్వామికి రెండాకులిచ్చి, చెట్టు బోడిదైపోయిందన్నావుట! మా చెట్టు చచ్చిపోయిందనుకున్నావా? ఇదిగో." మోపు బల్లమీద పడేసింది. "కిలో కందిపప్పు, అరకిలో మినప్పప్పు. ఈసారి పొట్లం గట్టిగా కట్టు."

పెర్సిస్ రెండు చుట్లు ఎక్కువే చుట్టి కట్టింది. బయట మబ్బు పట్టింది. అలవాటు కొద్దీ చూపు తూము వైపు పోయింది, మళ్ళీ తక్కెడ మీదికి వచ్చింది.

"రేపు కాస్త పెందలాడే రా అమ్మాయ్" అన్నాడు జోగారావు, ఎటో చూస్తూ.

నాగరత్నం డబ్బులిచ్చి కదల్లేదు. సంచి నోరు తెరిచి ముందుకు చాపింది.

"కొసరేదీ?"

"ఆకు మీదేనండీ పిన్నిగారూ!"

"నాదైతే మాత్రం? సంచి తెచ్చానా లేదా?"

పెర్సిస్ నవ్వాపుకుంటూ ఒక రెమ్మ తుంచి వేసింది. నాగరత్నం సంచిలోకి తొంగిచూసి మొహం చిట్లించింది.

"ఇంకోటెయ్యవే! ఇంత పిసినారితనమైతే కొట్టేం సాగుతుంది?"