తొక్కు సీసా మీద గీత

నాకు కోపం ఎక్కువ. మా ఆవిడ రోజీని అడిగినా చెబుతుంది, నాచారంలో మా కంపెనీ వాళ్లను అడిగినా చెబుతారు. కానీ మామిడికాయ తొక్కు సీసా మీద మార్కర్‌తో గీత గీసేంత కోపం మాత్రం మా అమ్మ మీదే వచ్చింది.

మేడిపల్లి దాటి లోపలికి మూడు కిలోమీటర్లు పోతే మా ఇల్లు. వాకిట్లో బావి. ఆ నీళ్లు ఎంత గట్టివంటే, బకెట్ల అంచుకు తెల్లగా పెంకు కడుతుంది, సబ్బు నురగ రాదు, కందిపప్పు గంటసేపు పొయ్యి మీద ఉన్నా పలుకుగానే ఉంటుంది. అందుకని తాగడానికి క్యాన్లు కొనేవాళ్లం, వంటకు మాత్రం బావి నీళ్లే. అమ్మ పప్పులో చిటికెడు తినే సోడా వేసి ఉడికించేది. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో అదే పద్ధతి.

పోయిన ఏడాది అమ్మకు ఆయాసం మొదలైంది. ఉప్పల్‌లో డాక్టర్ చూసి గుండె బలహీనపడిందన్నాడు. ఉప్పు దాదాపు మానెయ్యాలి, తొక్కులు, అప్పడాలు, తినే సోడా అన్నీ బంద్ అన్నాడు. రోజూ పొద్దున బరువు చూడమన్నాడు. ఉన్నట్టుండి పెరిగితే ఒంట్లో నీరు చేరినట్టేనట.

సోడా మానేస్తే పప్పు ఉడకడం మానేసింది. అసలే ఉప్పు లేదు, పైగా పలుకు. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి ఎలాగో మింగేది. నేను చూడలేకపోయాను. నా పనే గట్టి నీళ్లను మెత్తబరిచే మిషన్లు బిగించడం. బోడుప్పల్‌లో, పీర్జాదిగూడలో ఎన్ని ఇళ్లకు బిగించానో. కన్నతల్లికి పనికిరాని పనితనం ఎందుకని, కంపెనీలో మూలన పడున్న పాత మిషన్ తెచ్చి, బాగుచేసి, బావి మోటరు లైనుకు పెట్టాను. వంటింటి నల్లాను వేరుగా వదిలెయ్యాలని కంపెనీ రూలు. నాకు కావలసిందే ఆ నల్లా కదా, అందుకని ముందు దానికే కలిపాను.

మరునాడు పప్పు నాలుగు విజిళ్లకు వెన్నలా ఉడికింది. "నీళ్లు కమ్మగున్నయ్ బిడ్డ" అని అమ్మ చెంబెడు తాగింది. ఇక క్యాన్లు ఎందుకని నేనే ఆపించాను.

మూడు వారాలు తిరిగేసరికి అమ్మ పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. బరువు అరవై మూడు నుంచి అరవై ఆరుకు వచ్చింది. పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చునేది. నాకు పనిలో చెయ్యి ఆడేది కాదు, గంటకోసారి ఫోన్ చేసేవాణ్ణి. డాక్టర్ మాత్ర పెంచి, "ఎక్కడో ఉప్పు తింటున్నారు" అని నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టైంది. ఇంటికి రాగానే మొదలుపెట్టాను.

"తొక్కు తింటున్నవా?"

"తినలే బిడ్డ."

"మరి బరువెట్ల పెరిగింది?"

"నాకేం దెలుసు? దేవుని తోడు, నాలుక మీద గూడ పెట్టలే."

నమ్మలేదు. అప్పుడు గీసిందే ఆ గీత. డ్యూటీకి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి సీసా దించి చూసేవాణ్ణి. తొక్కు గీత దగ్గరే ఉండేది. దిగకపోతే నమ్మాలి కదా. నేను మాత్రం పక్కింటి నుంచి తెప్పించుకుంటోందని తీర్మానించాను. ఒకరోజు సీసా తీసుకుపోయి మోరీలో బోర్లించాను. "నువ్వు జర ఊకో, అత్తమ్మ గసుంటి మనిషి గాదు" అని రోజీ అంటే ఆమె మీదా లేచాను.

అమ్మ ఒకసారి అడిగింది. మిషన్ పక్కనున్న బస్తా చూపించి, "నెలకో బస్తా పోస్తున్నవ్ గద, ఆ ఉప్పంత యాడికి పోతది?" అని.

కస్టమర్లకు రోజూ చెప్పే మాటే చెప్పాను. "గది మిషన్ కడిగెతందుకు. కడిగిన నీళ్లు మోరీలకు పోతయ్. మనం తాగే నీళ్లల్లకు రాదు."

సరేనని తల ఊపింది. మిషన్ల సంగతి కొడుక్కి తెలుసని ఆమె నమ్మకం.

తరువాత మూడు రోజులు దవాఖానాలో ఉంచాల్సి వచ్చింది. అక్కడ బరువు తగ్గింది. "సూసినవా, ఈడ తొక్కు దొర్కలే, తగ్గింది" అన్నాను, నర్సు వినేలా. ఇంటికి తెచ్చాక మంచం పక్కన కూర్చుని, "ఒక్కసారి నిజం జెప్పమ్మ, ఇగ ఏమనను" అని బతిమాలాను. అమ్మ చాలాసేపు నా ముఖం చూసింది. "తిన్న బిడ్డ. తప్పయింది" అంది.

హమ్మయ్య అనుకున్నాను. ఆ హాయి గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఎప్పటిలాగే ఆ గురువారం మా ఇంట్లో చర్చి ఆడవాళ్ల ప్రార్థన జరిగితే, అమ్మ లేచి, నోరు ఆగక తొక్కు తిన్నానని, కొడుకుతో అబద్ధమాడానని, తన కోసం ప్రార్థన చెయ్యమని అడిగిందట. రోజీ ఏడుస్తూ చెప్పింది. మంచిదే కదా అన్నాను. వారం తిరగకముందే బరువు మళ్లీ రెండు కిలోలు పెరిగింది.

మొన్న సోమవారం నాచారంలో త్రిమూర్తులు గారని ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ ఇంట్లో మిషన్ బిగిస్తున్నాను. వంటింటి నల్లా వదిలెయ్యమన్నారు, వాళ్లావిడకు బీపీ ఉందట.

"ఏం గాదు సర్, ఉప్పు నీళ్లల్లకు రాదు. మా ఇంట్ల మా అమ్మ గీ నీళ్లే తాగుతది."

"ఉప్పగా ఉండవు, నిజమే" అన్నారాయన. "కానీ నీళ్లలో కాల్షియాన్ని మీ మిషన్ పట్టుకుని, దాని బదులు సోడియం వదులుతుంది బాబూ. ఉప్పులో గుండెకు చెడు చేసేది ఆ సోడియమే. నీళ్లు ఎంత గట్టివైతే అంత ఎక్కువ వదులుతుంది. మీ ఇంట్లో నీళ్ల గట్టిదనం ఎంత?"

"బావి నీళ్లు సర్. తొమ్మిది వందల పీపీఎం."

ఆయన కాసేపు లెక్క వేసుకున్నారు. "తాగేదీ వంటకు పోసేదీ కలిపితే, రోజుకు అర చెంచా ఉప్పు తిన్నంత. మీ అమ్మగారికి గుండె జబ్బేమీ లేదు కదా?"

నెలకో బస్తా యాడికి పోతదని నాలుగో తరగతి చదివిన మా అమ్మ అడిగింది. పదేళ్లుగా మిషన్లు బిగిస్తున్న నేను ఒక్కనాడూ అడగలేదు. సామాను అక్కడే వదిలేసి బండెక్కాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే ముందున్న ఆటోవాడితో అనవసరంగా గొడవ పడ్డాను. వాడేం చేశాడు పాపం.

ఇంటికి రాగానే నీళ్లు మిషన్‌లోకి పోకుండా వాల్వ్ తిప్పేశాను. వంటింట్లో బిందె బయట పారబోశాను. అమ్మ గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా కూలబడి అంతా చెప్పాను.

"అయితే నేను తినలేదన్నట్టే గద" అంది.

"తినలేదమ్మ. మరి తిన్ననని ఎందుకన్నవ్?"

"నువ్వు నిద్ర పోతలేవు, రోజీతోటి కొట్లాడుతున్నవ్. నా ఒక్క మాటతోటి ఇల్లు సల్లవడుతదనుకున్న."

కాళ్లు పట్టుకున్నాను. ఉబ్బిన పాదాల మీద నా వేళ్ల గుంటలు పడ్డాయి. అమ్మ నా చేతులు తీసేసింది.

"నాకు జెప్తే ఏమొస్తది? నాకు ముందే ఎరుక. నేను పదిమంది ముందట అబద్దాలదాన్నైన. నువ్వు గూడ ఆళ్ల ముందటనే జెప్పు."

నేను క్రిస్మస్‌కు తప్ప ప్రార్థనకు కూర్చునే మనిషిని కాను. ఈ గురువారం డ్యూటీకి పోలేదు. పొద్దున బరువు మిషన్ అరవై ఐదు చూపించింది, సోమవారం కంటే ఒక కిలో తక్కువ. పది గంటలకు పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చి చాప మీద కూర్చున్నారు. పాట అయ్యాక లేచాను.

"మా అమ్మ తొక్కు తినలే. ఒక్కనాడు గూడ తినలే. ఉప్పు నేనే తాగిపిచ్చిన. అబద్దం గూడ నేనే ఆడిపిచ్చిన."

ఒకావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అమ్మ మాత్రం అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసి, "ఇన్నరు గద. ఇగ ప్రార్థన జెయ్యున్రి" అంది.

అందరూ వెళ్లాక అన్నానికి పిలిచింది. బావి నీళ్లతో వండిన పప్పు, ఉప్పు లేదు, సోడా లేదు. పలుకు పంటికి తగిలింది. అమ్మ నా ఎదురుగా కూర్చుని చూస్తోంది. నేను కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం వడ్డించమన్నాను.