తీసి పెట్టడం

బల్ల కిందికి దూరి, ప్లగ్గు ఊడదీసి, పిన్నుల మీద ఉఫ్ మని ఊది, మళ్ళీ గుచ్చాడు. రోగం ఏదైనా అతని మొదటి వైద్యం అదే. వయసులో ఉన్నప్పుడు రేడియోలకు చేశాడు, తర్వాత టీవీలకు, ఇప్పుడు కంప్యూటర్లకు. లేస్తుంటే మోకాళ్ళు టక్కుమన్నాయి. ఎడమ భుజంలో బరువు పొద్దుటి నుంచీ అలాగే ఉంది.

"మీకు తెలిసిన వైద్యం ఒకటేగా, తీసి పెట్టడం. ఆ భుజం కూడా ఓసారి తీసి పెట్టించుకోండి," అంది భార్య, పొద్దున చెప్పులు వేసుకుంటుంటే. అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. డాక్టరు దగ్గరికి పదమని కొన్నాళ్ళుగా పోరుతోంది.

ఇప్పుడు అతనున్నది కుట్టుపని చేసే ఆవిడ ఇంట్లో. ముందుగదిలో మిషను, గోడవార కత్తిరించిన యూనిఫారం గుడ్డలు, కిటికీ పక్కన పాత కంప్యూటరు. దానికి అంచు కుట్టిన గుడ్డ తొడుగు. ఆవిడ మెడలో కొలత టేపుతో, పెదాల మధ్య గుండుసూదులతో నిలబడి ఉంది.

"ఏమయిందమ్మా?"

ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. "ఉత్తరాల డబ్బా తెరుచుకోవట్లేదన్నయ్యా. నొక్కితే తెల్లగా అయిపోయి గుడ్లప్పగించి చూస్తోంది. అదొక్కటీ తీసిపెట్టండి. మిగతా కంప్యూటరు ఏ గంగలో కలిసినా నాకు పర్లేదు."

"ఎంత పని. తీసి పెట్టేస్తాను."

ఆవిడ వెళ్ళి మిషను ముందు కూర్చుంది. బడి తెరిచేలోగా అప్పగించాల్సిన లాగులు చాలా ఉన్నాయి. మిషను చప్పుడు మొదలైంది.

మెయిలు ప్రోగ్రామును తీసెయ్యమని నొక్కాడు. తెర ఒక ప్రశ్న అడిగింది: దాచిన ఉత్తరాలు కూడా చెరిపెయ్యాలా? చెరిపేస్తేనే మంచిది. రోగం ఎక్కువసార్లు ఆ ఉత్తరాల మూటలోనే ఉంటుంది. అది ఉంచి ప్రోగ్రాము ఒక్కటే మారిస్తే రెండో రోజే మళ్ళీ పిలుపొస్తుంది. ఉత్తరాలకేం, మెయిలు కంపెనీ వాళ్ళ దగ్గర నకళ్ళుంటాయి, వాటంతటవే తిరిగి దిగుతాయి. అక్కడ నకళ్ళు ఉన్నాయో లేదో ముందు ఒక్క చోట చూసుకోవాలి. అతను ఎప్పుడూ చూసేవాడు. ఇవాళ చెమట కళ్ళలోకి కారింది. త్వరగా ముగించి కాసేపు నడుం వాల్చాలనిపించింది. అవునని నొక్కాడు.

కొత్త ప్రోగ్రాము పెట్టాడు. తెరిచాడు. కరెంటు బిల్లు గురించి ఒకటి, బట్టల కొట్టు ప్రకటన ఒకటి వచ్చాయి. ఇంకేమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. వెబ్బులో ఖాతా తెరిచి చూశాడు. ఉత్తరం ఇంట్లో దిగగానే అక్కడిది చెరిగిపోయేలా ఎవరో ఎప్పుడో అమర్చిపెట్టారు. ఎక్కడా నకలు లేదు.

మిషను ఆగింది.

"తెరుచుకుందా?" ఆవిడ అతని భుజం మీదుగా చూసింది. "అమ్మయ్య. మా తమ్ముడే పెట్టాడన్నయ్యా ఇది, ఓడెక్కే ముందు. ఓడలో వంటవాడు. ఇవాళ ఏం వండాడో, ఎవరు తిట్టారో అన్నీ రాసేవాడు. వంటవాడికి తిట్లే జీతం, డబ్బులు బోనసు అక్కా, అని రాశాడోసారి." నవ్వి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోయిన వానల్లో జ్వరమొచ్చి నడిసముద్రంలో పోయాడు. మనిషిని తేలేదు. అక్కడే సాగనంపారట. ఇవే మిగిలాయి. అన్నీ తీసిపెట్టారుగా?"

అప్పుడు అర్థమయింది అతనికి ఆ మాట. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు గిన్నెలో అన్నం తీసిపెడతామే, అలా అడిగింది ఆవిడ. జాగ్రత్తగా పక్కన ఉంచమని. తీసెయ్యమనీ, మళ్ళీ పెట్టమనీ కాదు. ఇన్నేళ్ళూ ఆ మాటను రెండు ముక్కలుగానే వాడి, అది ఒక్క మాట కూడా అవుతుందని మరిచిపోయాడు.

"తీసిపెట్టానమ్మా," అన్నాడు. అన్నాక, తను అబద్ధం చెప్పాడో నిజం చెప్పాడో తెలియలేదు.

"లోపలి డిస్కు ఒకటి ఇంటికి పట్టుకెళ్ళాలి. రేపు తెస్తాను."

"దాంట్లోనే ఉంటాయా అవి? అలా ఒట్టి చేత్తో పట్టుకెళ్తారా?" ఆవిడ నీలం గుడ్డ ముక్క మడిచి, మిషను మీద మూడు వైపులా కుట్టేసి, మూతికి నాడా ఎక్కించింది. డిస్కును అందులో తనే పెట్టి ముడి వేసింది.

ఇంటికొచ్చి డిస్కును తన కంప్యూటరుకు తగిలించాడు. పోయినవాటిని వెతికే ప్రోగ్రాము నడిపాడు. తుడిచిన పలక మీద పాత రాత లీలగా కనిపిస్తుంది. దాని మీద మళ్ళీ రాస్తేనే కనబడదు. కొత్త ప్రోగ్రాము పెట్టి దాని మీద రాసింది తనే. ఒక్కొక్క ఉత్తరమూ తెరిచాడు. 'అక్కా' అని ఉంటుంది, తర్వాత అన్నీ ప్రశ్నార్థకాలు, గళ్ళు. ఒకదాంట్లో 'అక్కా, ఇవాళ ఉల్లిపాయలు అయిపోయి' అని ఉంది. ఆ కింద గళ్ళే.

"అన్నం తినరా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"ఉండు."

"ఎవరిది అంత రాచకార్యం?"

అతను ఇంకోటి తెరిచాడు. 'అక్కా'. ఇంకోటి.

భార్య అన్నం కంచం పట్టుకొచ్చేసరికి గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉన్నాడు. కునుకు పట్టిందనుకుని, కంచం మీద మూత పెట్టి, ఫ్యాను వేసి వెళ్ళింది. మళ్ళీ వచ్చి చెయ్యి ముట్టుకుంది.

అతన్ని పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టడానికి ఆ గది ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. వచ్చినవాళ్ళు వైర్లు పీకి, బల్ల మీద, బల్ల కింద ఉన్న పాత డిస్కులూ సామానూ అంతా గోతాల్లోకి ఎత్తారు.

కర్మ అయ్యాక కుట్టుపనావిడ వచ్చింది. భార్య పక్కన కూర్చుంది. లేవబోతూ అడిగింది.

"ఇలాంటప్పుడు అడక్కూడదు వదినా. మా తమ్ముడివి కొన్ని ఉన్నాయి. అన్నయ్య అన్నీ తీసిపెట్టానన్నారు."

"అన్నారంటే పెట్టే ఉంటారు. మాట తప్పే మనిషి కాదు," అంది భార్య.

ఇద్దరూ గోతాలు నేల మీద గుమ్మరించారు. డిస్కులు కుప్పగా పడ్డాయి, అన్నీ ఒక్కలాంటివే. కుట్టుపనావిడ ఒకటి తీసి చూసింది, ఇంకోటి తీసి చూసింది, రెండూ కింద పెట్టేసింది. భార్య బల్ల వెనక గోడసందులో చెయ్యి పెట్టి ఏదో లాగింది. చిన్న నీలం గుడ్డ సంచి. నాడా ముడి జాగ్రత్తగా విప్పి ఉంది, లోపల ఏమీ లేదు.