పెద్దకత్తెర మాట

ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో పెద్దకత్తెర ఎవరి చెవీ కోయలేదు. కోసిన మొదటి చెవి రిటైరైన లెక్కల మాస్టారిది. గాటు చిన్నదే. కానీ మాస్టారు పెట్టిన కేకకి పక్కనున్న చెప్పుల షాపువాళ్ళు కూడా పనులు ఆపి పరిగెత్తుకొచ్చారు.

"కళ్ళు కనబడట్లేదని ఒప్పుకోవయ్యా మహానుభావా! నాకున్నవి రెండే చెవులు" అని మాస్టారు దూది నొక్కుకుంటూ గదమాయించాడు.

నిజానికి ఏడాదిగా కనబడట్లేదు. అద్దంలో జనం మొహాలు మసకమసకగా తేలుతుంటే పెద్దకత్తెర తన కళ్ళను అనుమానించలేదు, అద్దాన్ని అనుమానించాడు. రోజుకి మూడుసార్లు తుడిచి, అది అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ నెట్టుకొచ్చాడు. తప్పు ఎప్పుడూ అవతలివాళ్ళదే అనుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ వీధిలో అతని అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. అన్నదమ్ములిద్దరూ కలిసి సెలూన్ పెట్టినప్పుడు జనమే ఒకణ్ణి పెద్దకత్తెర అనీ, రెండోవాణ్ణి చిన్నకత్తెర అనీ పిలవడం మొదలుపెట్టారు. చిన్నకత్తెర పోయి ఎనిమిదేళ్ళయింది. అతని కుర్చీ మాత్రం ఇంకా అద్దం ముందే ఉంది. ఉతికిన తువ్వాళ్ళు పేర్చుకోవడానికి పనికొస్తోంది.

చెవి గొడవ తర్వాత కళ్ళు చూపించుకుంటే శుక్లాలన్నారు, ఆపరేషన్‌కి ముందు రక్తం తీశారు. నాలుగో రోజున కంటి డాక్టరు రిపోర్టు చేతిలో పెట్టి, "ఆపరేషన్‌కి అడ్డేం లేదు. కానీ ఇది లివర్ డాక్టరుకి చూపించండి" అన్నాడు. అక్కడ ఇంకో రెండు పరీక్షలయ్యాక లివర్ డాక్టరు, అతని కూతురి వయసుండే అమ్మాయి, కంప్యూటర్‌లోంచి తల తిప్పి విషయం చెప్పింది.

"మీకు హెపటైటిస్ సి ఉంది. రక్తంలో ఉండే వైరస్. ఎన్నేళ్ళుగానో ఉన్నట్టుంది. లివర్ కొంచెం గట్టిపడింది, చేయి దాటిపోలేదు. రోజుకో మాత్ర, పన్నెండు వారాలు. నూటికి తొంభై అయిదు మందికి పూర్తిగా తగ్గిపోతుంది."

"నేను తాగుడు ముట్టని మనిషినమ్మా" అన్నాడు పెద్దకత్తెర. నిప్పులు కడిగే రకం కదా, రోగం తన దాకా ఎలా వచ్చిందో అర్థం కాలేదు.

"ముట్టనివాళ్ళకీ వస్తుంది. మీరేం పని చేస్తారు?"

చెప్పాడు. పని పేరు నోట్లోంచి రాగానే తన చేతికింద మెడ వాల్చిన వందల మంది ఒక్కసారిగా గుర్తొచ్చారు. కానీ డాక్టరమ్మ స్థిమితంగా అడిగింది.

"మనిషికో కొత్త బ్లేడు వేస్తారా?"

"షాపు పెట్టిన రోజు నుంచీ. ఆ విషయంలో రాజీ లేదు."

"అయితే వాళ్ళ గురించి భయపడకండి. అంతకుముందు?"

అంతకుముందు గురువుగారి షాపు. అక్కడో పద్ధతి ఉండేది. కస్టమర్ని ముట్టుకునే ముందు ఇద్దరు కొత్తవాళ్ళు రెండు నెలలు ఒకరికొకరు గడ్డం గీసుకోవాలి. ఉన్నది ఒకే కత్తి. రక్తమొస్తే పటిక రుద్దుకోవాలి, ఏడిస్తే ఇంటికి పోవాలి. అన్నదమ్ములిద్దరూ ఒకరి చెంపల మీద ఒకరు పని నేర్చుకున్నారు. చెబుతూ పెద్దకత్తెర నవ్వాడు కూడా.

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ తమ్ముడు పరీక్ష చేయించుకున్నారా?"

"వాడు లివర్ చెడిపోయి పోయాడమ్మా. వాడిది తాగుడు." ఎనిమిదేళ్ళుగా వందసార్లు అన్న మాట, నోట్లోంచి జారుకుంటూ వచ్చేసింది.

"ఎలా ఉండేవారు?"

"ఎలా ఉంటాడు? పొద్దున్నే తూలేవాడు. మాట ముద్దముద్దగా వచ్చేది. ఓసారి కత్తెర తిరగేసి పట్టుకుని, ఎందుకు తెగట్లేదని దానికేసి చూస్తూ నిలబడ్డాడు."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "లివర్ బాగా పాడైతే ఒంట్లో విషం మెదడుకెక్కుతుంది. చుక్క ముట్టకపోయినా అచ్చం తాగినవాళ్ళలాగే ఉంటారు. మీ తమ్ముడికీ ఇదే వైరస్ ఉందేమో. అప్పుడు పరీక్ష చేసుంటే తెలిసేది. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ ఆయన భార్యాబిడ్డలు మాత్రం పరీక్ష చేయించుకోవాలి. మీరే చెప్పండి."

పెద్దకత్తెర సరేనని తలూపి బయటికొచ్చి, మందుల షాపు ముందు బల్ల మీద కూలబడ్డాడు.

తమ్ముణ్ణి షాపులోంచి గెంటేసిన ఆదివారం కళ్ళ ముందుకొచ్చింది. బెంచీ నిండా జనం. ఈ కుర్చీలో మాస్టారు, ఆ కుర్చీ దగ్గర కత్తెర తిరగేసి పట్టుకుని తమ్ముడు. "తాగొచ్చి జనం పీకల మీద కత్తి పెడతావట్రా? దిగు నా షాపులోంచి!" అని తను అరిచాడు. జనం నవ్వారు. గడప దగ్గర తమ్ముడు వెనక్కి తిరిగి ఒక మాట అన్నాడు. అది పెద్దకత్తెరకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకి కూడా.

నాలుగు నెలల తర్వాత కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి తమ్ముడు ఆస్పత్రిలో పడ్డాడు. అక్కడి డాక్టరు "తాగుతావా?" అని అడిగితే, "పాప పుట్టినప్పుడే మానేశాను సార్, పదకొండేళ్ళయింది" అన్నాడు. డాక్టరు నమ్మాలా వద్దా అన్నట్టు పక్కనున్న అన్న వైపు చూశాడు. ఇస్త్రీ చొక్కా, వెంట్రుక తేడా లేకుండా దువ్విన క్రాపు, పెద్దమనిషి వాలకం. "అబద్ధం సార్. రోజూ తాగుతాడు" అన్నాడు పెద్దమనిషి. డాక్టరు అదే రాసుకున్నాడు. ఇక ఏ పరీక్షా అడగలేదు.

వాడు తాగడం తను చూశాడా? ఒక్కనాడూ చూడలేదు. పాప పుట్టకముందెప్పుడో తాగేవాడు కాబట్టి ఇప్పుడూ తాగుతున్నాడని తీర్మానించేశాడు.

మాత్రల సీసా ఇంటికొచ్చింది. ఇంటి నుంచి సెలూన్‌కి వెళ్ళి, బ్లేడు పాకెట్ల వెనక సొరుగులో చేరింది. మూత తీయలేదు. కంటి ఆపరేషన్‌కీ వెళ్ళలేదు. సంగతంతా విని భార్య కూడా పరీక్ష చేయించుకుంది, ఏమీ లేదన్నారు. "ముప్పై అయిదేళ్ళ కాపురంలో మీ దగ్గర్నుంచి నాకు ఏదీ రాలేదు, చివరికి ఇది కూడా" అని నవ్వించబోయింది. అతను నవ్వలేదు. తొమ్మిది రోజులు ఓపిక పట్టి, పదో రోజున ఆమె అతని కంచం ముందు కూర్చుంది.

"మాత్రలు ఎందుకు మింగట్లేదు?"

"వాడికి అందనిది నాకెందుకు?"

"అందకుండా చేసిన మనిషి మీరే కదా, ఇప్పుడు ఈ శోకాలు నా ముందెందుకు? మీ తమ్ముడి భార్యనీ, దాని కూతుర్నీ పరీక్ష చేయించుకోమని డాక్టరు చెప్పి పది రోజులైంది. మీ సిగ్గు కోసం వాళ్ళని కూడా ముంచుతారా?"

ఆ మాట సూటిగా తగిలింది. సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మరదలి ఇస్త్రీ కొట్టు రెండు వీధుల అవతల. ఎనిమిదేళ్ళుగా ఆ వీధిలోంచి వెళ్ళాల్సొస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. ఆమె చొక్కా కాలర్ మీద నీళ్ళు చిలకరిస్తూ తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది.

"ఏంటి బావగారూ, దారి తప్పారా?"

అతను కొట్టు బల్ల దగ్గరికి జరిగాడు. ఆ తర్వాత మొదలుపెట్టి, గురువుగారి కత్తి నుంచి డాక్టరమ్మ చెప్పిన మాట దాకా అంతా చెప్పేశాడు. ఆస్పత్రిలో తను అన్నదీ చెప్పాడు. ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. చొక్కా ఒక చేయి ముడతలతోనే ఉండిపోయింది.

"తప్పు చేశానమ్మా" అన్నాడు.

"మీరొక్కరే చేశారా?" అంది ఆమె. గొంతు పెరగలేదు. "నేనూ మీ మాటే నమ్మాను. అన్నగారు ఊరికే అంటారా అనుకున్నాను. రోజూ ఆయన జేబులు వెతికేదాన్ని. మంచం కింద, బియ్యం డబ్బాలో సీసాలు వెతికేదాన్ని. ఒక్కటీ దొరకలేదు, అయినా నమ్మలేదు. ఇంటికి రాగానే మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసేదాన్ని. ఆఖర్లో నేను అడక్కుండానే, చెప్పులు విప్పి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడేవాడు బావగారూ. చిన్నపిల్లాడిలాగ."

పెద్దకత్తెరకి కళ్ళు నిండాయి. తుడుచుకునే అర్హత కూడా తనకి లేదనిపించి అలాగే ఉండిపోయాడు.

"పరీక్షకి నేనూ, పాపా వెళ్తాం. మీ మాత్రలు మీరు వేసుకోండి."

"నాకు వేసుకోబుద్ధి కావట్లేదు."

"అంత సులువుగా పోతారా?" ఈసారి ఆమె గొంతులో వేడి పుట్టింది. "వీధంతా చెప్పారు కదా ఆయన తాగుబోతని. నా కూతురు ఆ పేరు మోసుకుంటూ బడికెళ్ళింది. ఎంతమందికి చెప్పారో అంతమందికీ మళ్ళీ చెప్పాలి. దానికోసమైనా బతకండి. ఎక్కడ అన్నారో అక్కడే మొదలుపెట్టండి. ఆదివారం పొద్దున, జనం ఉన్నప్పుడు. పాపని పంపిస్తాను."

జనం ముందు చెప్పాలంటే తన రోగం బయటపెట్టాలి. రోగమున్న క్షురకుడి దగ్గరికి ఎవరొస్తారు? తమ్ముడి పేరు కడగాలంటే తన షాపు పోగొట్టుకోవాలి. మూడు రాత్రులు కంటిమీద కునుకు లేదు. జనం తక్కువగా ఉన్నప్పుడు చెబితే సరిపోదా అనే ఆలోచన కూడా వచ్చింది. అలా వచ్చినందుకు తనని తనే అసహ్యించుకున్నాడు.

ఆదివారం బెంచీ నిండింది. కుర్చీలో మాస్టారు, చెవి మానిపోయింది. "ఈసారి రెండోదా?" అంటూ కూర్చున్నాడు. సగం గడ్డం అయ్యేసరికి తమ్ముడి కూతురు గడపలో కనిపించింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, తండ్రి కనుబొమలే. మొబైల్ షాపులో పనికి వేసుకెళ్ళే చొక్కాతోనే వచ్చింది.

పెద్దకత్తెర కత్తి కింద పెట్టి బెంచీ వైపు తిరిగాడు.

"నాకు హెపటైటిస్ సి ఉంది. రక్తంలో జబ్బు. ఇక్కడ మనిషికో కొత్త బ్లేడు కాబట్టి మీకు భయం లేదంది డాక్టరు. అనుమానముంటే పరీక్ష చేయించుకోండి. నా తమ్ముడు పోయింది కూడా బహుశా దీనితోనే. వాడు తాగలేదు. జబ్బుతో తూలితే తాగి తూలాడన్నాను. మీ అందరి ముందూ ఇక్కణ్ణుంచి గెంటేశాను. ఆస్పత్రిలోనూ అబద్ధం నేనే చెప్పాను, వాడు కాదు."

ఒకాయన చేయి తనంతట తనే చెంప మీదికి పోయింది. ఇద్దరు లేచారు. మూడో ఆయన ఫోన్ రాకపోయినా ఫోన్ చెవిన పెట్టుకుని జారుకున్నాడు. ఒక్కొక్కరే అందరూ వెళ్ళారు.

"సగం గీశాక చెబితే నేనెక్కడికి పోతానయ్యా?" అన్నాడు మాస్టారు. ఆ తర్వాత అద్దంలోకి చూస్తూ నెమ్మదిగా, "ఆ రోజు నేనూ నవ్వాను" అన్నాడు.

తమ్ముడి కూతురు లోపలికొచ్చింది. రెండో కుర్చీలోని తువ్వాళ్ళు తీసి బల్ల మీద పెట్టి, అందులో కూర్చుంది.

"నాన్న వెళ్తూ వెళ్తూ ఏదో అన్నాడట. అమ్మ ఎన్నిసార్లు అడిగినా నాన్న చెప్పలేదట. ఏమన్నాడు పెదనాన్నా?"

పెద్దకత్తెర తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడిచాడు.

"'ఒక్కసారి దగ్గరికి రా అన్నయ్యా, నా నోరు వాసన చూడు' అన్నాడమ్మా."

"మీరేం చేశారు?"

"మాస్టారి గడ్డానికి సబ్బు పూశాను."

మాస్టారు తల దించుకున్నాడు. ఆ పిల్ల లేచి, మూలనున్న కుండీ కొళాయి తిప్పి, గ్లాసులో నీళ్ళు పట్టి సొరుగు పక్కన పెట్టింది.

"అమ్మ వేసుకోమంది" అంది.

అమ్మ అంది, ఆ పిల్ల అనలేదు. పెద్దకత్తెరకి ఆ తేడా తెలిసింది. సొరుగు లాగి, బ్లేడు పాకెట్లు పక్కకి జరిపి, సీసా మూత తీశాడు.