రేవక్క ఏరు

మానిటర్ అంచుకి అంటుకున్న జిగురు తడిగుడ్డకి లొంగలేదు. అంచులాయన గొంతుక్కూర్చుని గోటితో గీకడం మొదలుపెట్టాడు. దీన్ని ఇదివరకు వాడినవాళ్లెవరో గానీ, కనబడ్డ చీటీనల్లా తెచ్చి దీని నెత్తిన అంటించి పీకినట్టున్నారు. పక్కన గిన్నెలో నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. ఇందాక అవే నీళ్లతో అక్క మొహం తుడిచాడు, మెడ తుడిచాడు, వేళ్ల సందులు తుడిచాడు. రోజూ పొద్దున్నే చేసే పనే. ఇవాళ అదనంగా నాలుగు పాత మానిటర్లకి కూడా స్నానం చేయించాల్సి వచ్చింది.

"ఆ ముస్తాబేంట్రా దానికి? పెళ్లికి తీసుకెళ్తావా?" అంది మంచం మీంచి అక్క. ఆ గొంతులో గాలి ఎక్కువ, మాట తక్కువ.

"మాట్లాడకు. ఆయాసపడతావు."

"మాట్లాడకపోతే పడనా?"

ఆయన గుడ్డ మళ్లీ నీళ్లలో ముంచాడు. ఆవిడ మాటకి ఆయన ఏనాడూ ఎదురు చెప్పింది లేదు లెండి. చిన్నప్పుడు తల్లీ తండ్రీ పోతే, ఈ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఏటి ఒడ్డున పడవ రేవులో టికెట్లు కోసే పని ఆవిడది. చెక్కగదిలో, చిన్న కిటికీ వెనక, ఒళ్లో రేకుపెట్టె పెట్టుకుని జీవితమంతా కూర్చుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ 'రేవక్కా' అని పిలిచీ పిలిచీ, అసలు పేరు ఆవిడకే కొత్తయిపోయింది. పెళ్లి మాట తమ్ముడి కోసం ఆవిడా, అక్క కోసం ఆయనా వాయిదా వేసుకుంటూ పోయి, చివరికి ఇద్దరూ మరిచిపోయారు.

ఆయన పని పటాల ఆఫీసులో. అక్కడ దేశాన్ని ఒక్క కాగితం మీద గీయరు. ముక్కలు ముక్కలుగా షీట్ల మీద గీస్తారు, ఒక్కో షీటు ఒక్కొక్కరు. ఈ షీటులో రోడ్డు ఇక్కడ ఆగి, పక్క షీటులో అంగుళం అవతల మొదలైతే కొంప మునిగినట్టే. అలా మునగకుండా అంచుకి అంచు పెట్టి చూసుకునే పని ఈయనది. అందుకే అంచులాయన. ఇన్నేళ్లూ ఆయన కళ్లు ప్రతి షీటునీ చూశాయి గానీ, అంచుల్లోనే చూశాయి.

మొన్న డాక్టరమ్మ మెట్లు దిగుతూ ఆయన్ని పక్కకి పిలిచింది. "ఇంక రోజుల్లోకి వచ్చిందండీ. ఎవరినైనా చూడాలనుకుంటే పిలిపించండి," అంది. ఆయన పైకొచ్చి, మొహం మామూలుగా పెట్టుకుని, ఎవరినైనా చూడాలనుందా అక్కా అని అడిగాడు. ఆవిడకి అర్థం కాకపోవడమేముంది?

"మనుషుల్ని చాలామందిని చూశాన్రా. ఏరు చూపించు."

"ఏ ఏరు?"

"నా ఏరే. అటునుంచి వస్తుంది, ఇటుకేసి పోతుంది. ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీదు, ఎక్కడికి పోతుందో తెలీదు. కిటికీ అంత ముక్క చూసుకుంటూ బతుకు వెళ్లిపోయింది. నువ్వు ఆఫీసులో దాన్నే గీశావు కదా. మొత్తం ఒక్కసారి చూపించు."

అంత చిన్న కోరిక. ఆయన అక్కని ఇన్నేళ్లలో ఏమీ అడగనివ్వలేదని కాదు, ఆవిడే ఏమీ అడగలేదు. మొదటిసారి అడిగింది ఇది. ఇది కూడా తీర్చలేకపోతే తన చదువూ, ఉద్యోగమూ దేనికని ఆయనకి ఆ పూటంతా అన్నం సయించలేదు.

ఆఫీసులో అడిగి, నది ఉన్న షీట్లన్నీ పెన్‌డ్రైవులో వేసుకొచ్చాడు. అవి ఎవరడిగినా ఇచ్చేవే. ఇంట్లో పాత కంప్యూటర్లో అన్నీ కలిపి, మానిటర్ని అక్క వైపు తిప్పాడు. నది మొత్తం తెరలో పట్టింది. పట్టడం పట్టింది గానీ, వెంట్రుకవాసి సన్నంగా పట్టింది.

"ఇది ఏరా, వానపామా?" అంది అక్క.

పెద్దది చేస్తే రెండు మలుపులు కనబడి మిగతాది తెర దాటిపోయింది. మళ్లీ కిటికీయే. అంత నదికి ఒక్క తెర చాలదు. గోడంత తెర కొనే తాహతు ఆయనకి లేదు. పాతసామాన్ల కొట్టుకెళ్లి, మూతపడిన ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న మానిటర్లు కారుచౌకగా తెచ్చాడు. నాలుగూ నాలుగు రకాలు. ఒకటి పసుప్పచ్చగా వెలుగుతుంది, ఒకదానికి అడ్డంగా ఆకుపచ్చ గీత, ఒకదానికి కాలు లేదు, నాలుగోది మరీ బుల్లిది.

జిగురంతా వదిలాక నాలుగింటినీ బల్ల మీద వరసగా పెట్టి, కొత్తగా కొన్న వైరు తగిలించాడు. ఒక మూతి కంప్యూటర్లోకి, రెండు తోకలు రెండు మానిటర్లలోకి. వెలిగాయి. ఆయన మొహం కూడా వెలిగింది. మరుక్షణం ఆరింది. రెండు తెరల మీదా ఒకే కొండ, ఏటికి ఒకే పుట్టుక, ఒకే మలుపు. అటు జరిపితే రెండూ అటు జరుగుతున్నాయి. అంచుకి అంచు కలిపే మనిషికి, అంచే లేని రెండు ముక్కలు ఇచ్చి కలపమంటే ఏం చేస్తాడు? తల ప్రాణం తోకకొచ్చింది. కిందింటి జిరాక్సు అమ్మాయిని కేకేశాడు.

ఆ అమ్మాయి కొట్టు వదిలి, చేతులకి అంటిన నల్లపొడి తుడుచుకుంటూ వచ్చింది. చూసి నవ్వింది.

"ఈ వైరు నా మిషను లాంటిది బాబాయ్. ఉన్నదాన్నే రెండు కాపీలు తీస్తుంది. నీకు కావాల్సింది కాపీ కాదు, కొనసాగింపు."

"మరి ఎలా?"

"నీ కంప్యూటర్ వెనకే రెండు సాకెట్లున్నాయి చూడు, ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది. రెండూ ఒకేసారి పనిచేస్తాయి. మిగతా రెండింటికీ నా దగ్గర యూఎస్‌బీ అడాప్టర్లున్నాయి, తెస్తాను. బొమ్మ కొంచెం నెమ్మదిగా కదులుతుంది, అంతే."

"కదలక్కర్లేదమ్మా. నిలబడితే చాలు."

అడాప్టర్లు పెట్టి, సెట్టింగుల్లో 'పొడిగించు' అన్నది నొక్కి, ఏ తెర పక్కన ఏ తెరో వరస చెప్పింది. ఈసారి మౌసు బాణం మొదటి తెర దాటి రెండోదాంట్లోకి, అట్నుంచి మూడోదాంట్లోకి, ఏ చెయ్యీ అడ్డం లేని పిల్లలా నాలుగోదాకా పరుగెత్తింది. ఆయన దాన్ని అటూ ఇటూ రెండుసార్లు పరుగెత్తించి చూసుకున్నాడు. ఆ మాత్రం ముచ్చట ఆయనకీ ఉంటుంది కదా.

అప్పుడు గానీ అసలు సంగతి తట్టలేదు. బల్ల నిలబడ్డవాళ్ల కళ్లకి సరిగ్గా ఉంది. అక్క కళ్లు ఎక్కడున్నాయి? దిండు మీద, నేలకి మూరెడు ఎత్తులో. పక్కకి ఒత్తిగిలి పడుకున్న మనిషి తల ఎత్తలేదు. ఆయన వెళ్లి మంచం పక్కన నేల మీద ఆవిడలాగే ఒత్తిగిలి పడుకుని చూశాడు. బల్ల కాళ్లు కనబడ్డాయి, వైర్లు కనబడ్డాయి. బల్ల కింద సాలెగూడు కూడా కనబడింది. ఇన్నాళ్లూ అక్క చూస్తున్నది ఇదన్నమాట. లేచి, మొదట ఆ సాలెగూడు దులిపాడు.

ఇద్దరూ కలిసి అన్నీ కిందికి దింపి, మంచం పొడుగునా గోడకి ఆనించి పెట్టారు. కొండల తెర అక్క తల దగ్గర, సముద్రం తెర కాళ్ల దగ్గర. కాలు లేనిదానికి రెండు ఇటుకలు, పసుప్పచ్చదానికి పాత పుస్తకాలు. బుల్లిదాని కింద ఏం పెట్టినా ఎక్కువో తక్కువో అవుతోంది.

"మంచం కింద నా పెట్టె ఉంది చూడు," అంది అక్క.

టికెట్ల రేకుపెట్టె. రంగు పోయి, మూలలు నొక్కుకుపోయి ఉంది. రేవు మూసేసిన రోజున ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. అప్పట్నుంచీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

"దీని మీదా?" అన్నాడు.

"ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంది కదరా. ఏదో ఒకటి మొయ్యనీ."

పెట్టె మీద బుల్లి తెర కొలిచి కోసినట్టు కూర్చుంది.

ఇంక ఆయన పని ఆయనకి వచ్చింది. పటాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో తెర మీద ఒక్కోటి పరిచాడు. అలవాటు కొద్దీ షీట్ల అంచుల దగ్గరే కోశాడు. ఒక తెర మీద ఏరు లావుగా, పక్కదాని మీద సన్నంగా వచ్చింది. వేలితో కొలుచుకుంటూ సమానం చేశాడు. అయినా తెరల చుట్టూ ఉన్న నల్లచట్రాల దగ్గర ఏరు ఎగిరి పడుతోంది. స్తంభం చాటు నుంచి పోయే మనిషి కాస్త మాయమై, అవతల వెంటనే కనబడాలి కదా, అలా ఉండాలి. చట్రం వెడల్పు ఎంతో, అంత మేర పటాన్ని అంచుల్లో మింగేశాడు. ఎగుడుదిగుడు పోయింది. ఏరు చట్రాల వెనక నుంచి నున్నగా జారుకుంది.

కిటికీ తలుపు దగ్గరికి వేసి వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే నిలబడిపోయాడు.

గోధుమరంగు గీతల కొండల్లో ఎక్కడో, కాకి దాహానికి కూడా చాలనంత నీలిచుక్కలోంచి అది బయల్దేరింది. దారిలో ఇటొక వాగు, అటొక వాగు వచ్చి దాని చెయ్యి పట్టుకున్నాయి. రెండో తెరలో అడవుల మధ్య మెలికలు తిరిగింది, ఒకచోట వెనక్కి కూడా తిరిగింది. మూడోదాంట్లో ఊళ్లన్నిటినీ రెండు ఒడ్లకీ ఎత్తుకుని వెడల్పుగా, నింపాదిగా నడిచింది. నాలుగో తెరలో, అక్క పెట్టె మీద, ఐదారు పాయలుగా విడిపోయి, నీలం నీలంలో కలిసింది. పసుప్పచ్చ లేదు, ఆకుపచ్చ గీత లేదు. అవన్నీ ఎక్కడో ఉన్నాయి గానీ కంటికి ఆనలేదు. తన చేతుల మీదుగా పోయిన ప్రతి వంకరా ఆయనకి తెలుసు. అవన్నీ కలిస్తే ఇంతని ఎప్పుడూ తెలియలేదు. జిరాక్సు అమ్మాయి కూడా తలుపు పట్టుకుని కళ్లప్పగించి చూస్తోంది. కింద కొట్టు దగ్గర ఎవరో పిలుస్తున్నా కదల్లేదు.

"అబ్బ," అంది అక్క. "ఎంత దూరం నుంచి వచ్చిందిరా ఇది. నేను కిటికీలోంచి చూస్తూ, రోజూ ఇక్కడే పుడుతుందనుకునేదాన్ని."

ఆవిడ చూపు తల దగ్గరి తెరలో మొదలై, మలుపు మలుపు దగ్గరా ఆగుతూ వచ్చింది. రెండో తెరకీ మూడోదానికీ మధ్య నల్లటి చట్రం దగ్గర ఆగింది.

"మధ్య మధ్యలో ఈ వంతెనలేంట్రా ఇన్ని కట్టారు?"

ఆయన నవ్వాడు. నవ్వుతూనే నవ్వు ఆపేశాడు. అక్క రేవు ఎక్కడ? గబగబా వంగి వెతికాడు. రెండో తెరలో లేదు. మూడోదాంట్లో లేదు. ఆ రేవు షీటు అంచు మీద ఉంటుందని ఆయనకి కాక ఎవరికి తెలుసు? సరిగ్గా అక్కడే కోశాడు, సరిగ్గా ఆ మేరనే మింగేశాడు. ఏరంతా ఉంది, అక్క కూర్చున్న చోటు ఒక్కటే లేదు.

"అక్కా, రేవు... రేవు దీని వెనకాల పడిపోయింది. ఉండు, జరిపేస్తాను. ఒక్క నిమిషం."

"ఒరేయ్, ఆగు."

ఆవిడ నల్లచట్రం వంక చూస్తూనే ఉంది. పెదాలు నవ్వు మొదలుపెట్టాయి.

"సరిగ్గా అక్కడే కదరా వంతెన కట్టి నా రేవు మూసేశారు. నీ పటం ఉన్నమాటే చెప్పింది." కాస్త ఊపిరి కూడదీసుకుంది. "ఆ ముక్క నాకు తెలుసు. దాన్నేం కదపకు. నాకు తెలియని ముక్కలే ఉంచు."

ఆయన చెయ్యి మౌసు మీంచి తీసేశాడు. మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. జిరాక్సు అమ్మాయి చడీచప్పుడూ లేకుండా కిందికి దిగిపోయింది.

మధ్యాహ్నమంతా అక్క కిందికి ప్రయాణం చేసింది. ఫలానా మలుపు దగ్గర ఏ ఊరు అని అడిగింది, ఆయన చెప్పాడు. అక్కడ కూడా రేవుందా అంది, ఉందన్నాడు. టికెట్లు కోసేదెవరట అంది. అది పటంలో రాయరక్కా అన్నాడు. రాయాలి మరి, అంది. పాయల దగ్గరికి వచ్చేసరికి మాటలు తగ్గాయి.

"ఇదేనా చివర?"

"ఇదే. ఆ తర్వాత సముద్రం."

"మంచి పని చేశావురా," అంది. ఆవిడ నోటి వెంట ఆ మాట ఆయన ఎప్పుడు విన్నాడో గుర్తు లేదు.

పాలు వెచ్చచేయడానికి లోపలికి వెళ్లాడు. గిన్నె కడిగాడు, పాలు పొంగకుండా నిలబడి చూశాడు, చల్లార్చాడు. తిరిగొచ్చేసరికి గది చీకటిగా ఉంది. మౌసు ఎవరూ కదపకపోతే కాసేపటికి తెరలు వాటంతటవే ఆరిపోతాయి.

"భయపడకు, ఉంది, ఎక్కడికీ పోలేదు," అంటూ మౌసు కదిపాడు. నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. వెలుగు అక్క మొహం మీద పడింది. కళ్లు కాళ్ల వైపు, సముద్రం తెర వైపు సగం తెరిచి ఉన్నాయి, అంత వెలుగుకీ రెప్ప పడలేదు. ఆయన గ్లాసు కింద పెట్టి, మంచం పట్టె మీద కూర్చుని, అక్క చెయ్యి తీసుకుని, తెరలు మళ్లీ ఆరిపోయేదాకా కూర్చున్నాడు.

మరుసటి వారం పాతసామాన్ల కొట్టువాడు వచ్చి మానిటర్లు పట్టుకుపోయాడు. ఇటుకలు మేడ మీదికి, పుస్తకాలు బీరువాలోకి వెళ్లాయి. అడాప్టర్లు కడిగినట్టు తుడిచి ఆయన జిరాక్సు అమ్మాయికి ఇచ్చేశాడు. రేకుపెట్టె మాత్రం గోడ వారన, మంచం కాళ్ల వైపు, పెట్టినచోటే ఉంది. దాని మూత మీద దుమ్ములో, బుల్లి తెర కాళ్లు ఆనిన మేర ఇంకా శుభ్రంగానే ఉంది.