మేస్త్రి ఎడమ మణికట్టు

ఫోనులో తండ్రి గుండె కనిపించకుండా పోయినప్పుడు కూతురు కాలిన గాయాల వార్డులో ఒక పేషెంటుకి కట్టు కడుతోంది. ఎప్పుడూ డెబ్బై అనో డెబ్బై అయిదు అనో చూపించే చోట ఉత్త గీతలు ఉన్నాయి. అయినా కట్టు పూర్తి చేసి, మడత సరిచూసి, అప్పుడు లేచింది. ఈ విషయంలో ఆమెది అచ్చం తండ్రి పోలికే, చేతిలో ఉన్న పని సగంలో వదలదు. డ్యూటీ దిగడానికి ఇంకో పావుగంట ఉంది. తోటి నర్సుకి ఒక్క ముక్క చెప్పి, మెట్లు రెండేసి చొప్పున దిగి, రెండు వీధుల అవతల ఉన్న బేకరీకి పరుగు తీసింది.

ఆర్నెల్ల కిందట, ఆ బేకరీలో రొట్టెల మేస్త్రి అయిన తండ్రికి పొయ్యి దగ్గరే గుండె పట్టేసింది. మందులు రాసిన డాక్టరు, బరువులెత్తకుండా పని చేసుకోవచ్చు గానీ ఒక కన్నేసి ఉంచమన్నాడు. కన్నేసి ఉంచడమంటే ఈమెకి మహా ఇష్టం. ఒక స్మార్ట్ వాచీ కొనితెచ్చి తండ్రి ఎడమ చేతికి తనే బిగించింది. "ఇది చేతికి ఉన్నంతసేపే నీకు పొయ్యి. తీశావా, ఆ రోజుతో పని బంద్" అంది. ఆయన సరేనన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా రొట్టెలు కాల్చే మనిషి, సరే అన్నాక సరే.

వెనక తలుపు తోసుకుని వెళ్లేసరికి మేస్త్రి పొయ్యి ముందు నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.

"ఏంటమ్మడూ, ఇవాళ పెందరాళే దిగిపోయావ్?"

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే కోపం కూడా లేచొచ్చింది.

"వాచీ ఏది నాన్నా?"

"చేతికే ఉందిగా!"

ఉంది. కానీ దాని అంచు కింద నుంచి ఏదో కాగితం తొంగిచూస్తోంది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కునేలోపు ఆమె పట్టేసుకుంది. ట్రేలకి రొట్టె అంటుకోకుండా వేసే బటర్ పేపరు, నాలుగు మడతలు పెట్టి వాచీకీ చేతికీ మధ్య దోపి ఉంది. అది అడ్డుపడితే ఇక గుండె ఎలా కనిపిస్తుంది, పాపం ఫోనుకి! బెల్టు విప్పి చూసింది. బెల్టు కింద చెమటా పిండీ కలిసి ముద్ద కట్టిన చోటల్లా దద్దుర్లు. వాచీ వెనకభాగం ఆనే చోట గుండ్రంగా పొక్కి, తోలు ఊడి, ఎర్రటి పచ్చిపుండు.

ముందు ట్రే తగిలిందేమో అనుకుంది. కానీ ట్రే కాల్చితే గుండ్రంగా ఎందుకు కాలుస్తుంది? ట్రే అంచు చేతికి అడ్డంగా గీత గీస్తుంది. అలాంటి గీతలు మేస్త్రి చేతుల మీద డజన్ల కొద్దీ ఉన్నాయి. చిన్నప్పుడు వాటి మీద వేలు పెట్టి ఒకటీ రెండూ అని అంకెలు నేర్చుకున్న పిల్ల ఈమె.

"ఇది ఎలా అయింది?"

మేస్త్రి పొయ్యి వైపు చూపు తిప్పుకున్నాడు. బల్ల దగ్గర మోచేతుల దాకా పిండిలో మునిగి ఉన్న పెద్దావిడ ఇక ఆగలేకపోయింది. ఇరవై ఏళ్లుగా అక్కడ పిండి కలిపేది ఆవిడే, అందరికీ పిండి పెద్దమ్మ.

"ఎలా ఏముందమ్మా! మీ నాన్న వేడి ఎలా చూస్తాడో తెలీదా నీకు? ఆ చెయ్యి పొయ్యిలో పెట్టి లెక్కపెడతాడు. ఎనిమిది దాకా ఓర్చుకోగలిగితే రొట్టెకి సరి. అయిదుకే చురుక్కుమంటే మాడుతుంది. వాచీతోనే పెడతాడు, వాచీతోనే తీస్తాడు. ఇనుము కదా, చెయ్యి బయటికొచ్చినా అది చల్లారదు. రోజుకి ముప్పైసార్లు! ఇవాళ మంట ఓర్చుకోలేక ఆ కాగితం దోపుకున్నాడు."

"పొయ్యికి వేడి చూపించే ముల్లు ఉంది కదా నాన్నా?"

"ముల్లు ఒక్క మూల సంగతే చెబుతుంది. మిగతా మూడు మూలలు ఎవరు చెబుతారు, దాని తాతా?"

"పోనీ, కుడిచెయ్యి పెట్టచ్చుగా?"

"అది ఎప్పుడో మొద్దుబారిపోయింది. వేడి తెలిసేది ఈ చేతికే."

"అయితే వాచీ తీసి పక్కన పెట్టచ్చుగా!"

మేస్త్రి ఆమెను వింతగా చూశాడు. "తియ్యనని మాటిచ్చాను కదా."

పెద్దమ్మ మిగతాది కూడా కక్కేసింది. ఆ పుండు మూలాన ఇప్పుడు మూడు లెక్కపెట్టేలోపే చెయ్యి లాగేసుకుంటున్నాడు, పొయ్యి అంచనా అందడం లేదు, పోయిన వారం రెండు వాయిలు మాడాయి. ఇవాళ సాయంత్రం వాయి కూడా చెడితే మేస్త్రిని ప్యాకింగులో కూర్చోబెడతానని ఓనరు చెప్పేశాడు.

"కాలిన గాయాలకి కట్టు కట్టే దాన్ని కన్నావు, నా దగ్గరే చెయ్యి దాస్తావా నాన్నా? రోజూ ఎంతమందికి కడతాను! నువ్వు నాకు బరువయ్యావా?"

ఆమె గొంతు పెరిగింది. ఆయన గొంతు తగ్గింది.

"అది కాదు తల్లీ. ఇది కట్టాకే నువ్వు కుదురుగా కూర్చుని అన్నం తింటున్నావు. అంతకుముందు ముద్ద చేత్తో పట్టుకుని నాకు ఫోన్ చేసేదానివి. ఎలా తియ్యమంటావు?"

ఆమె తండ్రిని కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, పుండు మెల్లగా కడిగి, సంచిలోంచి మందు తీసి పూసి కట్టు కట్టింది. వాచీ తన జేబులో వేసుకుంది.

"పది రోజులు ఈ చెయ్యి పొయ్యి వైపు పోకూడదు. మానాక కూడా వాచీ ఇంట్లోనే, అదీ కడిగి తుడిచి వదులుగా. ఇక్కడ వద్దు."

"మరి నా గుండె?"

"ఆయన మొహం చూడ్డానికి నాకు వాచీ ఎందుకమ్మా?" అంది పెద్దమ్మ. "కాస్త తేడాగా కనిపించినా మొదటి ఫోన్ నీకే. ముందు దీని సంగతి చూడండి, పిండి పొంగింది. ఇంకో పావుగంట ఆగితే చప్పబడిపోతుంది."

మేస్త్రి అలవాటుగా పొయ్యి వైపు అడుగేశాడు. కూతురు అడ్డంగా నిలబడి ఎడమ చేతికున్న గాజు తీసేసింది.

"నా చెయ్యి పెడతాను."

"నీకేం తెలుస్తుందే!"

"నాకు తెలియక్కర్లేదు. ఎలా ఉందో చెబుతాను, తెలియాల్సింది నీకు."

పొయ్యి తలుపు తెరవగానే ఆమెకి వార్డులోని మంచాలన్నీ గుర్తొచ్చాయి. పళ్లు బిగించి చెయ్యి పెట్టింది. ఒకటి, రెండు, మూడు.

"ముందు ఎక్కడ తెలిసింది? పైనా, కిందా?"

"పైన. నాలుగు... గిల్లుతోంది నాన్నా."

"తియ్, తీసెయ్! మండేదాకా ఉంచకూడదు, పంతాలకి పోకు. చిటికెనవేలి వైపా, బొటనవేలి వైపా?"

"బొటనవేలి వైపు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. పొయ్యి లోపలంతా ఆ రెప్పల వెనక చూస్తున్నట్టే ఉన్నాడు. పై వేడి తగ్గించమన్నాడు, తలుపు రెండు నిమిషాలు ఓరగా ఉంచమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. ఈసారి ఏడు దాకా వచ్చింది. ఎలా ఉందంటే, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు తాకినట్టుందని చెప్పింది.

"చాలు. నీది లేత చెయ్యి, నీ ఏడు నా ఎనిమిది. ట్రేలు ఎక్కించండి!"

ఇన్నేళ్లూ తండ్రి రొట్టెలు కాలుస్తాడని మాత్రమే ఆమెకి తెలుసు. ముట్టుకోకుండా, చూడకుండా, పక్కమనిషి చెప్పిన నాలుగు ముక్కల్లోంచి పొయ్యిని చదవగలడని ఇవాళే తెలిసింది. అబ్బ, ఏం మనిషి! పెద్ద డాక్టర్లు రౌండ్సుకి వచ్చినప్పుడు కూడా ఆమె ఇంత భక్తిగా నిలబడలేదు.

నాలుగున్నరకి ఓనరు వచ్చాడు. ట్రే మీద రొట్టెలు ఒకే రంగులో, నిండుగా పొంగి ఉన్నాయి. ఒకటి తిరగేసి అడుగున వేలితో కొట్టి చూశాడు. ఇంకో మూలది తీసి కొట్టి చూశాడు. మొహం విప్పారింది.

"అదీ! నీ చెయ్యి మళ్లీ దారిలో పడింది మేస్త్రీ."

మేస్త్రి ఊఁ కొడితే సరిపోయేది. కట్టు కట్టిన చేతిని వీపు వెనక్కి దాచేసుకుంటే అసలు గొడవే లేదు. ఆయన ఆ చేతిని ముందుకు చాపి చూపించాడు.

"ఇది పది రోజులు పని చెయ్యదండీ. ఈ వాయి మా అమ్మాయిది. నేను పక్కన నిలబడ్డాను, అంతే."

ఓనరు కట్టుకేసి చూశాడు, రొట్టెకేసి చూశాడు, కూతురి మణికట్టు మీది ఎరుపుకేసి చూశాడు. "అయితే పది రోజులూ ఇద్దరూ రండి" అని లోపలికి వెళ్లిపోయాడు.

పెద్దమ్మ ఒక రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టింది. కూతురికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అని బుకాయిద్దామంటే అది కరెంటు పొయ్యి.